మాట్లాడని చెయ్యి

ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా కనిపిస్తే నేను అడిగే ప్రశ్న ఒకటుంది. రిపోర్టులో సున్నా అని రాస్తారు కదా, దానర్థం ఏమిటి? అందరూ ఒకటే చెప్తారు, ఏమీ లేదని. పదిహేనేళ్ల సర్వీసు దాకా నేనూ అదే అనుకున్నాను. ఇప్పుడు రిటైరై, పొద్దున్నే కాలనీలో నడుస్తుంటే ఎప్పుడైనా ఆ ఒక్క సున్నా గుర్తొస్తుంది. కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. మీరు నా అంత తెలివైనవాళ్లు కాకూడదని ఇది రాస్తున్నాను.

ఎనభైల చివరి మాట. గోదావరిఖని దగ్గర బొగ్గు బావుల కార్మికుల కోసం ఉన్న ఒక చిన్న దవాఖానలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ను. నా గది వరండా చివర. కిటికీ తెరిస్తే బొగ్గు పొడి, మూస్తే ఉక్క. మధ్యాహ్నం రెండు దాటాక ఓపీ ఖాళీ అయ్యేది. మొదటి షిఫ్టు దిగినవాళ్ల సైకిల్ గంటలు కాసేపు వినిపించి ఆగిపోయేవి. అప్పుడు నేను మైక్రోస్కోపు మీదికి వంగేవాణ్ని. రంగు పట్టించిన నెత్తురు చుక్క ఎంత అందంగా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. లేత గులాబీ నేల మీద అక్కడొకటి ఇక్కడొకటి ఊదా రంగు గుండ్రాలు. అవి తెల్లకణాలు. వాటిని లెక్కపెట్టడం నా పని. కానీ చాలాసార్లు లెక్క మరిచి ఊరికే చూస్తూ ఉండిపోయేవాణ్ని. ఇవి ఒకదానితో ఒకటి ఏం చెప్పుకుంటాయి, ఎవరు ఎవర్ని పిలుస్తారు అని ఏవేవో ఊహలు. తలెత్తేసరికి కిటికీ నీడ నేల మీద ఇంత దూరం జరిగి ఉండేది.

కలలు కనడం ఒక పక్క, కొలతల పిచ్చి ఇంకో పక్క. నా జేబులో ఎప్పుడూ పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు ఉండేది. మా సీనియర్ నర్సు నన్ను "మిల్లీమీటర్ సాబ్" అని పిలిచేది. ఆమె ఇంట్లో దక్కనీ ఉర్దూ, దవాఖానలో తెలుగు, కోపమొస్తే రెండూ. మేమంతా ఆమెను ఆపా, అంటే అక్క, అనేవాళ్లం. ఇంకొకాయన మా డాక్టరు. కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడే జుట్టు నెరిపించుకున్న మనిషి. రోగి చెప్పేది పూర్తిగా వినేవాడు. మా ముగ్గురి మీదే ఆ దవాఖాన సగం నడిచేది, మిగతా సగం దేవుడి దయ.

ఆ ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు ఒక టింబర్‌మన్ తన కూతుర్ని తీసుకొచ్చాడు. టింబర్‌మన్ అంటే బావిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి. పెద్దపల్లి వైపు పల్లె నుంచి వచ్చి బావిలో కుదిరినవాడు. నెమ్మదస్తుడు. పిల్లకు ఆరేళ్లుంటాయి. మూడు వారాల నుంచి జ్వరం వదలడం లేదు. దగ్గు. తిండి సయించదు. మెడ పక్కన చిన్న గడ్డ. తల్లి ఒళ్లో గుడ్డ మూటలా ఒదిగి ఉంది.

డాక్టరుకు క్షయ అనుమానం. కానీ అంత చిన్నపిల్ల కఫం ఉమ్మలేదు. ఎక్స్‌రే మసగ్గా ఉంది, అవునని చెప్పలేం, కాదని చెప్పలేం. "ఈ మధ్య తట్టు గాని, ఇంకేదన్నా గాని వచ్చిందా అమ్మా?" అని అడిగాడు. తల్లి కొంగు సర్దుకుని, "ఏం రాలేదు సారూ, ఉత్త జరమే" అంది. ఆయన చీటీ మీద నా పేరిట పని రాశాడు, మాంటూ పరీక్ష.

చాలామందికి తెలిసిందే, అయినా రెండు మాటల్లో చెప్తాను. క్షయ క్రిమి నుంచి తీసిన మాంసకృత్తు ద్రవం ఒక చుక్క ముంజేతి చర్మంలోకి ఎక్కిస్తాం. రెండు మూడు రోజులకు అక్కడ గట్టిగా ఉబ్బితే, ఒంట్లోకి ఆ క్రిమి ఎప్పుడో వచ్చిందనీ, ఒళ్లు దాన్ని గుర్తుపట్టిందనీ అర్థం. ఉబ్బును అడ్డంగా కొలిచి మిల్లీమీటర్లలో రాయాలి. ఎరుపును కాదు, గట్టిదనాన్ని. ఆ తేడా తెలియనివాళ్లను నేను మనుషుల్లో లెక్కేసేవాణ్ని కాదు.

సూది గుచ్చాను. పిల్ల ఏడవలేదు. చెయ్యి కూడా వెనక్కి తీసుకోలేదు. కళ్లు తెరిచి, నా వెనకున్న గోడను చూస్తూ పడుకుంది. "శెభాష్, ఎంత బుద్ధిమంతురాలివి తల్లీ" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడో రోజు పిల్లను తేలేకపోయారు. లేవడం లేదన్నారు. సరే అని నేనే సైకిలేసుకుని క్వార్టరుకు పోయాను. వరసగా ఒకే రకం ఇళ్లు, ఒకే రకం గడపలు. వాళ్ల దర్వాజ పైన ఎండిపోయిన వేపమండ ఒకటి దోపి ఉంది. చూశాను. లోపల మంచం మీద పిల్ల. చెయ్యి చాపి వెలుతురులోకి తిప్పాను. చర్మం తవుడు చల్లినట్టు సన్నగా పొట్టు లేస్తోంది, అక్కడక్కడా గోధుమరంగు మరకలు. అదీ చూశాను. ఎండకాలం, బొగ్గు గాలి, పిల్లల ఒళ్లు ఎండిపోదా అనుకున్నాను. నాకు కావలసింది ఆ సూది చోటు. బాల్‌పెన్నుతో నెమ్మదిగా గీత గీస్తూ పోతే ఉబ్బు అంచు దగ్గర పెన్ను ఆగాలి. ఆగలేదు. అటునుంచి ఇటు నున్నగా జారిపోయింది. మళ్లీ గీశాను. మళ్లీ జారింది. రిజిస్టరులో అందంగా గుండ్రంగా సున్నా చుట్టాను.

"మంచిదే సారూ?" అని తల్లి అడిగింది.

"మంచిదేనమ్మా. ఏమీ లేదు" అన్నాను. ఆమె నా చేతులు పట్టుకున్నంత పని చేసింది. నేను చెంబెడు నీళ్లు తాగి, ఒక మంచి వార్త మోసినవాడిలా సైకిలెక్కాను.

డాక్టరు నా సున్నాను చాలాసేపు చూశాడు. "నువ్వు కొలిచావా?" అని మాత్రం అడిగాడు. నేనే కొలిచానన్నాను. నా కొలత మీద ఆయనకు అంత గురి. క్షయ మందులు మొదలుపెడితే నెలల తరబడి వాడాలి, రోజూ సూది గుచ్చాలి, ఊరికే పెట్టేవి కావు. అందుకని మామూలు జ్వరం మందులు మార్చి చూద్దామన్నాడు. అలా పది రోజులు గడిచాయి. పది రోజులు నాకు ఏ బరువూ లేదు. అదే నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వని సంగతి.

పదకొండో రోజు టింబర్‌మన్ ఒక్కడే వచ్చాడు. బావి వాళ్లకు కొన్నేళ్లకోసారి ఒళ్లంతా పరీక్ష చేస్తారు, ఆ రక్తం ఇవ్వడానికి. బల్ల మీద కూర్చున్నాడు. రబ్బరు పట్టీ కడుతూ, పాప ఎట్లా ఉందని అడిగాను.

"ఊకనే ఉంటది సార్. జరం గట్లనే ఉన్నది. నిన్నటిసంది ఏడుస్త గూడ లేదు. పిలిస్తె కండ్లు తెరుస్తది, మల్ల మూస్తది."

మాట మార్చాలనిపించింది. బావుల్లోకి ఇనుప స్తంభాలు వస్తున్నాయట కదా, ఇక మీకు దుంగలు మోసే బాధ తప్పుతుందిలే అన్నాను.

ఆయన చిన్నగా నవ్వాడు. "ఇనుము గట్టిదే సార్. కాని నాకు కట్టె మీదనే నమ్మకం. కప్పు బరువు మీదికొస్తుంటె కట్టె చెప్తది. కిర్రుమంటది, పెచ్చులేస్తది. ఆ చప్పుడు ఇనంగనే మేం ఎనుకకు ఉరుకుతం. ఇనుము ఏం చెప్పదు. ఊకుంటది, ఊకుంటది, ఒక్కసారే పోతది."

"అయితే చప్పుడు లేకపోతే భయం లేనట్టేగా?"

"అయ్యో, గట్లెట్ల సార్?" నేను చిన్నపిల్లాణ్నయినట్టు చూశాడు. "కొత్త పోరగాండ్లు గిట్లనే అనుకుంటరు. చప్పుడు లేదంటె రెండు తీర్లు. బరువన్న లేనట్టు. లేకుంటె కట్టె నాని, లోపల కుల్లి, చెప్పే తాకత్ లేనట్టు. కట్టెతోని కొట్టి చూడాలె, చుట్టుపక్కల చూడాలె. ఊకున్నదని దానికింద కూసుంటమా?"

సిరంజిలో నెత్తురు నిండుతోంది. నేను దాన్ని చూస్తూ ఉండిపోయాను. ఆ గదిలో చప్పుళ్లన్నీ ఎక్కడికో దూరం జరిగాయి. మంచం మీది చెయ్యి కనిపించింది. నున్నగా జారిన పెన్ను. తవుడు లేచిన చర్మం. గోధుమరంగు మరకలు. దర్వాజ మీద ఎండిన వేపమండ. అన్నీ నేను చూసినవే, ఒక్కటీ నేను రాయనివే.

సూది తీసి దూది అదిమి, "పాపకు తట్టు పోసిందా?" అన్నాను.

ఆయన మొహం మూసుకుపోయింది. "గా మాట అనద్దు సార్" అన్నాడు నేల చూస్తూ. అంతే. ఎన్నిసార్లు అడిగినా అదే. ఇది మీకు వింతగా ఉండొచ్చు. ఇంటికి తల్లి, అంటే అమ్మవారు, వచ్చిందంటే దాన్ని రోగమని పిలవకూడదు, బయటివాళ్లకు చెప్పకూడదు. చెప్తే తల్లికి కోపమొస్తుంది. మాకు అబద్ధం చెప్పాలని ఆ భార్యాభర్తలు అనుకోలేదు. వాళ్ల లెక్కలో అది జబ్బే కాదు.

ఆపా తలుపు దగ్గర నిలబడి అంతా వింటోంది. లోపలికి వచ్చి నన్ను పక్కకు తోసి, ఆయన ముందు స్టూలు మీద కూర్చుంది. "అన్నా, తల్లి సంగతి నేను అడుగుత లేను. మీ ఇంట్ల తాలింపు ఎప్పుడు బంద్ వెట్టిన్రు, గది చెప్పు."

తల్లి వచ్చిన ఇంట్లో పోపు వెయ్యరు. ఆ వాసన పడదంటారు. నాకూ తెలుసు ఆ సంగతి, పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ అడగాల్సిన ప్రశ్న అదని తెలిసింది మాత్రం ఆపాకు.

ఆయన వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. "శివరాత్రి దాటిన నాలుగొద్దులకు బంద్ వెట్టినం అక్కా. తొమ్మిదొద్దులు. నీళ్లు వోసినంకనే మల్ల పోపేసినం. గప్పటిసంది పొల్ల మంచిగయిందే లేదు."

నేను వరండాలో పరుగెత్తాను. ఆ వరండాలో పరుగెత్తడం అదే మొదలు, అదే ఆఖరు. డాక్టరు రోగిని చూస్తున్నాడు. నా మొహం చూసి స్టెతస్కోపు దించాడు. చెప్పాను. ఆయన లేచి, "జీపు పిలు. పిల్లను పెద్ద దవాఖానకు పంపాలి. క్షయ మందు మొదటి సూది నేనే వేసి పంపిస్తాను" అన్నాడు.

జీపు వెళ్లాక ఆయన గదిలో ఇద్దరం కూర్చున్నాం. టీ వచ్చింది. ఇద్దరం తాగలేదు. బయట ఎండ తెల్లగా, మాట రాని మనిషిలా నిలబడి ఉంది. ఆయన తిడతాడని చూశాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"రోజూ మైక్రోస్కోపులో చూస్తావు కదయ్యా, ఆ గుండ్రాలు" అన్నాడు. "చూడ్డానికి అన్నీ ఒకటే. పనులు వేరు. కొన్ని కూర్చున్నచోటే ప్రతిరక్షకాలు తయారుచేసి నెత్తుట్లోకి వదుల్తాయి, యాంటీబాడీలంటాం. అవి బయట తిరిగే శత్రువును పట్టుకుంటాయి. ఇంకొన్ని స్వయంగా బయల్దేరి పోతాయి. క్రిమి ఏదైనా కణంలోకి దూరి దాక్కుంటే, ఆ కణాన్ని కణంతో సహా అంతం చేస్తాయి. మీ బావిలో నిప్పంటుకున్న గదికి గోడ కట్టేసి మూసేస్తారే, ఆ బాపతు. వీళ్లు కాక మూడోవాళ్లున్నారు. వాళ్లు చెయ్యి చేసుకోరు. మాట చెప్తారంతే. కానీ వాళ్ల మాట లేకపోతే తయారుచేసేవాళ్లు సరిగ్గా తయారుచెయ్యరు, చంపేవాళ్లకు చురుకుండదు, క్రిములను మింగే పెద్ద కణాలు మింగి కూడా అరిగించుకోలేవు. అంతా అయ్యాక కొందరు పాత సంగతి జ్ఞాపకం పెట్టుకుని ఒంట్లోనే ఏళ్ల తరబడి తిరుగుతుంటారు."

"మాంటూలో ఉబ్బేది..."

"ఆ జ్ఞాపకం ఉన్నవాళ్లే. మనం వేసిన చుక్కను గుర్తుపట్టి, మిగతావాళ్లను కేకేస్తారు. అందరూ చేరడానికి రెండు రోజులు పడుతుంది. అందుకే మూడో రోజు చూస్తాం. ఇప్పుడు తట్టు సంగతి విను. ఆ క్రిమి ఈ మాట చెప్పేవాళ్ల గుంపులోకీ, జ్ఞాపకం ఉన్నవాళ్లలోకీ దూరుతుంది. ఒళ్లు దానితో పోరాడి గెలుస్తుంది. గెలిచి, జన్మలో మళ్లీ తట్టు రాకుండా ప్రతిరక్షకాలు దాచుకుంటుంది. కానీ ఆ గెలిచే గొడవలో కొన్ని వారాల పాటు మిగతా కేకలన్నీ ఆగిపోతాయి. లోపల నిద్రపోతున్న క్షయ అదను చూసుకుని లేస్తుంది. మనం సూది గుచ్చి తలుపు తడతాం. లోపల మనుషులున్నారు, పలికే ఓపిక లేదు."

"నేను సున్నా రాశాను" అన్నాను.

"కొలత సరిగ్గానే ఉంది. అక్కడ సున్నాయే ఉంది" అన్నాడాయన. "నువ్వు చెయ్యి చూడలేదు, చోటు చూశావు. నేను కాగితం చూశాను, పిల్లను చూడలేదు. ఇద్దరం కలిసే చేశాం."

ఆ మధ్యాహ్నం నేను మైక్రోస్కోపు ముందు కూర్చుని మొదటి రోజు పిల్ల వేలి నుంచి తీసిన నెత్తురు స్లైడు పెట్టాను. గులాబీ నేల. ఊదా గుండ్రాలు ఉండాల్సినన్ని లేవు, ఉన్నవి విడివిడిగా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. కంటద్దం తడిసి, ఆ లోకమంతా కరిగి ఒకే రంగైంది. ఆపా వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "మిల్లీమీటర్ సాబ్, ఏడ్వకుర్రి. దువా చెయ్యిర్రి" అని వెళ్లింది. నాకు రాని ప్రార్థన అంటూ లేదు ఆ రోజు.

పెద్ద దవాఖానలో వెన్నులోంచి నీళ్లు తీసి చూశారు. క్షయ మెదడు పొరల దాకా పోతోంది, ఇంకా అంచుల్లోనే ఉందన్నారు. మొదటి వారం ఏ కబురూ మంచిది కాదు. టింబర్‌మన్ డ్యూటీ దిగి బస్సులో అక్కడికి పోయి, తిరిగొచ్చేటప్పుడు మా వరండాలో కాసేపు కూర్చునేవాడు. నేను ఒకరోజు ధైర్యం చేసి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన "మేం చెప్పకపోతిమి, మీరు చూడకపోతిరి" అన్నాడు. క్షమించానని అనలేదు. అనాలని నేనూ అడగలేదు.

రెండో వారం చివర పిల్ల నీళ్లడిగిందట. మూడో వారం తల్లితో గొడవపడిందట.

ఈలోపు నా రిజిస్టరులో మాంటూ పేజీకి కొత్త గడి ఒకటి గీశాను. పేరు, వయసు, సూది తేదీ, కొలత, ఆ పక్కన "పోపు". పిల్లలను తెచ్చిన ప్రతి తల్లినీ ఆపా అదే అడిగేది, ఈ మధ్య తాలింపు ఎప్పుడు మానేశారని. ముస్లిం ఇళ్లవాళ్లను ఆమె తన భాషలో ఇంకేదో అడిగేది, అది నాకు చెప్పేది కాదు, తేదీ మాత్రం చెప్పేది. ఒకసారి తనిఖీకొచ్చిన ఆఫీసరు ఆ గడి మీద వేలు పెట్టి, "ఇదేంటి, ల్యాబులో వంటల లెక్క?" అన్నాడు. డాక్టరు ఎంతో గంభీరంగా, "చాలా ముఖ్యమైన పరీక్ష సార్, పుస్తకాల్లోకి ఇంకా ఎక్కలేదు" అన్నాడు. ఆఫీసరు తల పంకించి సంతకం చేశాడు.

తొలకరి పడ్డాక పిల్ల మా దగ్గరికి వచ్చింది. బుగ్గలు పూర్తిగా నిండలేదు గాని కాళ్ల మీద నడిచొచ్చింది. డాక్టరు మళ్లీ ఒకసారి మాంటూ వెయ్యమన్నాడు. మందులు ఎలాగూ నడుస్తున్నాయి, దానితో మారేదేమీ లేదు. నా కోసమే చెప్పాడని ఇప్పుడనిపిస్తుంది.

సిరంజి చూడగానే పిల్ల కెవ్వుమంది. కాళ్లతో తన్నింది. తండ్రి పట్టుకుంటే ఆయన్నీ గీరింది. నా స్కేలు ఎగిరి బల్ల కింద పడింది. ఆపా నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నేను ఎలాగో సూది గుచ్చాను. "శెభాష్" అన్నాను. ఈసారి ఆ మాట సరైన చోట పడింది.

మూడో రోజు మబ్బు పట్టిన పగలు. తండ్రి, కూతురు వచ్చి బల్ల మీద కూర్చున్నారు. "జిల వెడ్తున్నది" అని పిల్ల దురద పుట్టిన చేతిని ముందుకు చాపి మొహం చిట్లించింది. ముందు చెయ్యంతా చూశాను, మోచేయి నుంచి మణికట్టు దాకా. నున్నటి, ఆరోగ్యమైన చర్మం. మధ్యలో ఎర్రగా, గట్టిగా, ఎత్తుగా ఉబ్బు. పెన్ను గీత గీసుకుంటూ పోయి అంచు దగ్గర ఠక్కున ఆగింది. అవతల వైపు నుంచీ ఆగింది. స్కేలు పెట్టాను. పద్నాలుగు.

లోపలివాళ్లు పలికారు. ఎక్కడెక్కడ నుంచో ఒకరినొకరు కేకేసుకుని, రెండు రోజులు నడిచి, ఆ చిన్న చేతిలో ఒకచోట చేరారు.

టింబర్‌మన్ ఉబ్బును చూసి కంగారుపడ్డాడు. "గింత లేసింది, ఏమన్న భయమా సార్?"

"లేదన్నా. ఈసారి కట్టె చెప్తోంది" అన్నాను.

ఆయన ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. తర్వాత వంగి, కప్పును తట్టి చూసే అలవాటుతో, బొగ్గు ఇంకిపోయిన ఆ వేలి కొసతో ఉబ్బును మెల్లగా తాకాడు. పిల్ల "అబ్బా, నొస్తుందే నాయినా!" అని గట్టిగా అరిచి చెయ్యి లాక్కుంది.

"మొత్తుకో బిడ్డా, మొత్తుకో" అన్నాడు, కళ్ల నిండా నీళ్లతో. "ఇంకింత మొత్తుకో."